చేప కొనడం సగమే.. బాగుచేయడమే అసలు పని

ఆషాఢంలో గోదారికి ఎర్రనీరు తగిలిందంటే కోనసీమలో ఏ ఇంటి అరుగు మీద చూసినా రెండు ప్రశ్నలే. లంకల్లోకి నీళ్లు ఎంతవరకు వచ్చాయి? పులస ఎక్కడైనా పడిందా? అమలాపురం, రాజోలు, కొత్తపేట, రావులపాలెం.. ఎటు వెళ్లినా ఇవే మాటలు. ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో ఫిజీషియన్‌గా పనిచేసే నాకు మాత్రం ఈ కాలంలో మూడో మాట కూడా తరచూ వినిపిస్తుంది. "నిన్న చేపల కూర తిన్నామండి, పడలేదండి."

ఈ 'పడలేదు' అన్న చిన్న మాట వెనక చాలా రకాల జబ్బులుంటాయి. చాలావరకు తప్పు చేపది కాదు. పట్టిన దగ్గర నుంచి పొయ్యి ఎక్కేదాకా మనం దాన్ని చూసుకున్న తీరుది. చేప ధర గురించి గంటసేపు మాట్లాడుకుంటాం. దాన్ని ఎలా బాగుచేయాలో ఇంట్లో పిల్లలకు ఐదు నిమిషాలు చెప్పం. ఈ వారం దాని గురించే మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

ముందు ఒక కేసు చెబుతాను.

గత వానాకాలంలో ఒక లంక గ్రామం నుంచి యాభై దాటిన మనిషిని తీసుకొచ్చారు. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు, కడుపు నొప్పి. కలుషితాహారం అనుకుని ఊళ్లోనే సెలైన్ పెట్టించుకున్నారు. విరేచనాలు తగ్గాయి గానీ మూత్రం రావడం మానేసింది. కళ్లు పచ్చబడ్డాయి. మొహం ఉబ్బింది. రక్తపరీక్ష చేస్తే క్రియాటినిన్ ఎనిమిది దాటింది. అంతకు రెండు నెలల ముందు చేయించుకున్న పరీక్షలో అది మామూలుగానే ఉంది. రెండు కిడ్నీలూ రెండు రోజుల్లో ఎందుకు పడకేశాయో మాకు అంతుపట్టలేదు. నొప్పి మాత్రలు వాడారా? లేదు. నాటు మందులు? లేదన్నారు. పురుగు మందు ఏమైనా? అయ్యో లేదండీ అన్నారు.

చివరికి ఆయన భార్యను పక్కకు పిలిచి, "అమ్మా, వాంతులు మొదలవకముందు ఏం తిన్నారో ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుని చెప్పండి" అని అడిగాను. ఆమె కాసేపు తటపటాయించి చెప్పింది. "పెద్ద బొచ్చె చేపండి, నాలుగు కేజీలుంటాది. చేదు తీసి పారెయ్యబోతే, పచ్చిగా మింగితే షుగరు తగ్గిపోద్దని ఎవరో చెప్పారంట.. పారెయ్యనివ్వలేదండి. అలాగే మింగేశారండి."

అదీ సంగతి. ఆ చేదు అంటే చేప పిత్తాశయం. ఆయనకు డయాలసిస్ కోసం పెద్దాసుపత్రికి పంపాం. ఐదుసార్లు డయాలసిస్ అయ్యాక మూత్రం మళ్లీ మొదలైంది. మూడు వారాలకు ఇంటికి వెళ్లారు. అదృష్టవంతుడు. షుగరు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

చేదు తిత్తి మందు కాదు, విషం

చేప పొట్ట కోయగానే కాలేజానికి అంటుకుని ముదురు ఆకుపచ్చ రంగులో చిన్న తిత్తి ఒకటి కనిపిస్తుంది. మన అమ్మమ్మలు దాన్ని చితక్కుండా తీసి, దూరంగా పారేసేవారు. అది చితికితే కూర చేదెక్కుతుందని మనకు చెప్పారు. నిజానికి వాళ్లు కాపాడింది కూర రుచిని మాత్రమే కాదు.

బొచ్చె, శీలావతి, గడ్డిచేప, బంగారుతీగ లాంటి చెరువు చేపలన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. వీటి పైత్యరసంలో సిప్రినాల్ సల్ఫేట్ అనే విషపదార్థం ఉంటుంది. అది ముందు కడుపును, ఆపై కాలేయాన్ని, కిడ్నీలను దెబ్బతీస్తుంది. మింగిన కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు, కడుపు నొప్పి వస్తాయి. అవి తగ్గగానే గండం గడిచిందనుకుంటారు. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. రెండు మూడు రోజుల్లో మూత్రం తగ్గిపోతుంది. దీనికి విరుగుడు మందు లేదు. కిడ్నీలు కోలుకునేదాకా డయాలసిస్‌తో నెట్టుకురావడమే వైద్యం. త్వరగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది కోలుకుంటారు. ఆలస్యంగా వచ్చినవాళ్లలో ప్రాణాలు పోయినవారూ ఉన్నారు. మన దేశంతోపాటు చైనా, వియత్నాం వంటి దేశాల నుంచి ఇలాంటి కేసులు వైద్య పత్రికల్లో ఎన్నో ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి.

'చేదు తింటే తీపి తగ్గుతుంది' అన్న ఊహే ఈ నమ్మకానికి మూలం. కాకరకాయ తిన్నట్టే ఇదీ అనుకుంటారు. కొందరు చూపు మెరుగవుతుందని, కొందరు ఉబ్బసం పోతుందని మింగుతారు. ఇందులో ఏ ఒక్కదానికీ ఆధారం లేదు. ఉడికించినా దాని విషం పోతుందన్న హామీ లేదు. సారాలో కలిపి తాగినా అంతే. చేప ఎంత పెద్దదైతే తిత్తి అంత పెద్దది, ప్రమాదమూ అంత పెద్దది. ఏ చేపదైనా సరే, ఆ తిత్తి చెత్తలోకే వెళ్లాలి. పొరపాటున ఎవరైనా మింగితే వాంతుల కోసం ఎదురుచూడకుండా అదే గంటలో ఆసుపత్రికి తీసుకురండి. వచ్చాక ఏం మింగారో దాచకండి. ఆ ఒక్క మాట దాచడం వల్లే మాకు ఆయన విషయంలో విలువైన సమయం పోయింది.

కొనేటప్పుడు ముక్కు, వేలు, కన్ను

చేపను చూసి కొనడం మనకు కొత్త కాదు. అయినా ఒకసారి గుర్తుచేసుకుందాం. కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. గుంటపడి తెల్లబారితే పాతది. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగితే వద్దు. వేలితో నొక్కితే కండ వెంటనే పైకి రావాలి. గుంట అలాగే ఉండిపోతే అది నిలవ చేప. పొట్ట మెత్తబడి పగలకూడదు. తాజా చేపకు నీటి వాసన ఉంటుంది. ముక్కు పుటాలు అదిరే ఘాటు వాసన ఉండదు.

ఒకటి మాత్రం మనం పట్టించుకోం. ఐసు. చేప చనిపోయిన నిమిషం నుంచి దాని మొప్పల్లో, పేగుల్లో ఉన్న బాక్టీరియా పని మొదలెడుతుంది. మన ఉక్కపోతలో ఆ పని చాలా వేగంగా సాగుతుంది. వేడి ప్రాంతాల్లో చేప బరువెంతో ఐసూ అంత ఉండాలన్నది మత్స్యశాస్త్రం చెప్పే లెక్క. కేజీ చేపకు కేజీ ఐసు. బుట్ట మీద చల్లిన నాలుగు ముక్కలు ఐసు కింద లెక్కకు రావు.

పులస విషయంలో ఇది మరీ ముఖ్యం. సముద్రంలో ఉన్నప్పుడు విలస అని పిలిచే చేప, అంతర్వేది, ఓడలరేవు, యానాం దగ్గర మొగల్లోంచి లోపలికి వచ్చి గోదారికి ఎదురీదాక పులస అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాకా వస్తుంది, అక్కడితో దాని దారి ఆగిపోతుంది. ఏటేటా దొరికేది తగ్గుతోంది, అడిగేవాళ్లు పెరుగుతున్నారు. అందుకే ఒడిశా, బెంగాల్ వైపు నుంచి పెట్టెల్లో వచ్చిన ఇలస కూడా ఇక్కడ పులస పేరుతో అమ్ముడుపోతోంది. జాతి ఒకటే కాబట్టి తిన్నంత మాత్రాన ప్రమాదమేమీ లేదు. అది దారిలో ఎన్ని రోజులుంది, ఐసు ఎన్నిసార్లు కరిగింది అన్నదే ప్రశ్న. వేలకు వేలు పోసేముందు అమ్మేవాళ్లను ఆ ఒక్క ప్రశ్న అడగండి. 'పుస్తెలమ్మైనా పులస తినాలి' అన్న సామెత పుట్టిన రోజుల్లో పులస పడవలోంచి తిన్నగా వంటింట్లోకి వచ్చేది. ఇప్పుడు ఎక్కువసార్లు పెట్టెలోంచి వస్తోంది.

ఫార్మాలిన్ భయం గురించి కూడా అడుగుతుంటారు. 2018లో కేరళ అధికారులు చెక్‌పోస్టుల్లో ఫార్మాలిన్ కలిపిన చేపలు పట్టుకున్నారు. ఆ వెంటనే అస్సాం కొన్నాళ్లు ఆంధ్ర చేపల్ని రానివ్వలేదు. చేపల్లో ఫార్మాలిన్ వాడకానికి అనుమతి లేదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ అక్కడికక్కడే పరీక్షించే కాగితపు కిట్ తయారుచేసింది. ఇంట్లో చూసి కచ్చితంగా తేల్చడం కష్టమే. కానీ కండ రబ్బరులా బిగుసుకుపోయి, ఏ వాసనా లేకుండా, ఈగ కూడా వాలని చేప కనిపిస్తే పక్క బుట్ట చూసుకోండి.

ఇంటికి తెచ్చాక..

కొన్న చేపను పాలిథిన్ సంచిలో వేసి బండికి తగిలించి, నాలుగు పనులు చూసుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరడం మనలో చాలామందికి అలవాటు. చేపల కొట్టు ఆఖరి మజిలీగా పెట్టుకోండి. కొన్నాక తిన్నగా ఇంటికే. వెంటనే బాగుచేసే వీలు లేకపోతే మొప్పలు, పేగులు అయినా తీసేసి ఫ్రిజ్‌లో పెట్టండి. చేపను పాడుచేసే క్రిములు ఎక్కువగా ఉండేది అక్కడే. అవి తీసేస్తే సగం గండం తప్పినట్టే.

బాగుచేసే పద్ధతి ఇది.

ముందు పంపు నీటి కింద చేపను మొత్తంగా కడగండి. తోక వైపు నుంచి తలవైపు కత్తి వెన్నుతో గీకితే పొలుసు వస్తుంది. కొర్రమేను, మట్టగిడస, మార్పు వంటివి జారిపోతాయి కాబట్టి పూర్వం బూడిద అద్ది తోమేవారు. బూడిద శుభ్రమైనదైతే ఇప్పటికీ మంచిదే, లేదా రాళ్ల ఉప్పు వాడండి. రెక్కలు కత్తిరించండి.

తర్వాత తోక దగ్గర రంధ్రం నుంచి గడ్డం దాకా పొట్టను పైపైన కోయండి. కత్తి లోతుగా దిగితే పేగులు, చేదు తిత్తి తెగుతాయి. మొప్పలు రెండు వైపులా తీసేయండి. పేగుల్ని తల దగ్గర పట్టుకుని ఒక్క లాగులో బయటికి తీయండి. జన ఉంటే విడిగా తీసి పెట్టుకోండి. చేదు తిత్తి చితికిపోతే కంగారు పడకండి. వెంటనే పంపు నీటితో బాగా కడిగి, ఆకుపచ్చ రంగు పట్టినంత మేర కండను కోసి పారేయండి.

పొట్ట లోపల నల్లటి పొర ఉంటే గీకేయండి. వెన్నెముక వెంట నల్లగా గడ్డకట్టిన నెత్తురు ఉంటుంది. దాన్ని గోరుతోనో చెంచాతోనో తీసేయాలి. నీసు వాసనలో పెద్ద భాగం ఇక్కడిదే. తర్వాత ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి కడిగేయండి. నిమ్మ, చింతపండు పులుపు నీసు వాసనను పట్టి ఉంచుతుంది. అయితే పసుపు ఉప్పు రాస్తే క్రిములన్నీ చచ్చిపోతాయనుకోకండి. ఆ పని చేసేది పొయ్యి మీది వేడి మాత్రమే.

'పులసను ఎక్కువ కడిగితే కొవ్వు పోతుంది, రుచి పోతుంది' అంటారు పెద్దలు. అందులో నిజముంది. పరిష్కారం తేలిక. ముక్కలు కోశాక పదిసార్లు కడగొద్దు. చేప మొత్తంగా ఉన్నప్పుడే లోపలా బయటా శుభ్రంగా కడిగేయండి. ఆ తర్వాత ముక్కలు కోసి, ఒక్కసారి తొలిచి వండుకోండి. రుచీ ఉంటుంది, శుభ్రమూ ఉంటుంది.

కడిగే నీరు తాగే నీరే అయి ఉండాలి. వరద రోజుల్లో కాలవ నీళ్లు, బోదె నీళ్లు, మునిగిన బావి నీళ్లు వాడొద్దు. చేపలు కోసిన కత్తిపీట, పళ్లెం, సింకు సబ్బుతో కడిగాకే కూరగాయలు తాకాలి. కీరా ముక్కల్ని అదే పీట మీద తరిగితే, చేపకు తగిలే వేడి కీరాకు తగలదు కదా. చెత్తను కాలవలో పడేయకండి. కుక్కలు తవ్వనంత లోతుగా కొబ్బరి చెట్టు మొదట్లో పాతేయండి. చెట్టుకు ఎరువు, ఊరికి శుభ్రం.

'నాకు చేప పడదండి' అనేముందు

ఇరవై తొమ్మిదేళ్ల అమ్మాయి ఒకామె వచ్చింది. కానాగంతల వేపుడు తిన్న అరగంటకు మొహం ఎర్రగా కందిపోయింది, గుండె దడదడలాడింది, తలనొప్పి, ఒళ్లంతా దురద. మందుల దుకాణంలో మాత్ర ఇచ్చి, "మీకు చేపలు పడవు, జన్మలో ముట్టుకోకండి" అని పంపించారట. ఆరేళ్లుగా ఆమె చేప ముట్టలేదు. గర్భిణి. ఇప్పుడైనా తినొచ్చా అని అడగడానికి వచ్చింది. "ఆ రోజు ఇంట్లో ఇంకెవరికైనా ఇలా అయిందా?" అని అడిగితే, "అత్తయ్యగారికి కూడా కొంచెం అయిందండి" అంది.

ఇద్దరికి ఒకేసారి ఎలర్జీ రావడం అరుదు. అది చేప ఎలర్జీ కాదు, హిస్టమిన్ విషం. కానాగంతలు, కవళ్లు, వంజరం, ట్యూనా వంటి చేపల కండలో హిస్టిడిన్ ఎక్కువ. కవళ్లకు దగ్గరి చుట్టమైన పులస కూడా ఈ జాబితాలో చేర్చుకోవాల్సిందే. ఐసు లేకుండా గంటల తరబడి ఉంటే బాక్టీరియా ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మార్చేస్తుంది. ఒంట్లో ఎలర్జీ వచ్చినప్పుడు పుట్టేది కూడా హిస్టమినే. అందుకే లక్షణాలు ఒకేలా ఉంటాయి. ఒకసారి అది పుట్టాక ఎంత ఉడికించినా, వేయించినా, ఫ్రిజ్‌లో పెట్టినా పోదు. రుచిలో, వాసనలో తేడా తెలియకపోవచ్చు కూడా. కొందరికి నాలుక మీద మిరియం ఘాటులా తగులుతుంది. అలా అనిపిస్తే ఆ ముక్క అక్కడే ఆపేయండి.

అసలు ఎలర్జీ ఉన్నవారికి ఎంత తాజా చేప తిన్నా, ఎప్పుడు తిన్నా ఇబ్బంది వస్తుంది. ఆ తేడా డాక్టరు తేల్చాలి. మీకు మీరే తేల్చుకుని మళ్లీ తిని చూడకండి. ఏ కారణమైనా సరే, ఊపిరి ఆడకపోయినా, గొంతు బిగుసుకున్నా, కళ్లు తిరిగినా 108కి ఫోన్ చేయండి. ఆ అమ్మాయికి పరీక్షలు చేయించి, తాజా చేప తినవచ్చని నిర్ధారించాం. వారానికి రెండుసార్లు చేప తినడం గుండెకు మంచిదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతోంది. కడుపులోని బిడ్డ మెదడుకు కావలసిన ఒమేగా-3 కొవ్వు చేపల్లో పుష్కలం. ఐసు లేకపోవడం వల్ల జరిగిన తప్పుకు ఒక తల్లి ఆరేళ్లు చేపకు దూరమైంది.

రాత్రి వండి, మర్నాడు తినే పులుసు

పులస పులుసును కుండలో సన్నని సెగ మీద వండి, మర్నాడు తింటేనే రుచి అన్నది గోదారి జిల్లాల మాట. ఆ రుచిని నేను కాదనను, నేనూ తింటాను. చింతపండు పులుపు క్రిముల్ని నెమ్మదింపజేస్తుంది. అందుకే వేపుడు కంటే పులుసు నిలవుంటుంది. కానీ నెమ్మదించడం వేరు, ఆగిపోవడం వేరు. రాత్రి తొమ్మిదికి దించిన కుండ మర్నాడు ఒంటిగంట దాకా పొయ్యి గట్టు మీదే ఉంటే అది పదహారు గంటలు. ఈ ఉక్కలో అంతసేపు వద్దు. దించిన రెండు గంటల్లోపు గోరువెచ్చగా అవగానే ఫ్రిజ్‌లో పెట్టండి. ముక్కకు పులుసు అక్కడా పడుతుంది. తినేముందు కావలసినంత మాత్రమే తీసి బాగా తెర్లనివ్వండి. మొత్తం కుండను మూడుపూటలా తీసి, వేడిచేసి, మళ్లీ పెట్టడం మంచిది కాదు.

ముల్లు గుచ్చుకున్నా, ముల్లు అడ్డుపడినా

చేప కోసేటప్పుడు చేతికి ముల్లు గుచ్చుకోవడం మామూలే అనుకుంటాం. షుగరు ఉన్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి అది మామూలు కాదు. ఉప్పు నీటి చేపల మీద విబ్రియో జాతి బాక్టీరియా ఉంటుంది. చిన్న గాటులోంచి లోపలికి వెళ్లి ఒక్క రోజులో చెయ్యంతా వాచేలా చేయగలదు. చేతిమీద పుండు ఉంటే ఆ రోజు చేప పని వేరేవారికి అప్పగించండి, లేదా చేతి తొడుగులు వేసుకోండి. ముల్లు గుచ్చుకుంటే సబ్బు నీటితో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా ఆగకుండా రండి.

జెల్ల, మార్పు రెక్కల ముల్లుకు విషం ఉంటుంది. భరించలేని మంట పుడుతుంది. భరించగలిగినంత వేడి నీళ్లలో అరగంట నుంచి గంట దాకా చెయ్యి ముంచి ఉంచితే ఆ విషం విరిగి నొప్పి తగ్గుతుంది. షుగరు వల్ల స్పర్శ తగ్గినవారికి నీళ్ల వేడి తెలియదు. ముందు ఇంకొకరు చెయ్యి పెట్టి చూడాలి.

ఇక గొంతులో ముల్లు. పులసకు సన్నని ముళ్లు ఎన్నో. అడ్డుపడగానే అన్నం ముద్దలు, అరటిపండు మింగించడం మన ఇళ్లలో వైద్యం. దానివల్ల ముల్లు ఇంకా లోపలికి దిగుతుంది, అన్నవాహికను చీల్చవచ్చు. వేలు పెట్టి కెలకడమూ వద్దు. తినడం ఆపి ఆసుపత్రికి రండి. ఎక్కువసార్లు టాన్సిల్ దగ్గరే ఉంటుంది, ఈఎన్‌టీ డాక్టరు నిమిషాల్లో తీసేస్తారు. చొంగ కారుతున్నా, ఊపిరికి ఇబ్బందైనా, ఛాతీలో నొప్పి వచ్చినా అది అత్యవసరం. చిన్నపిల్లలకు పండుగప్ప, వంజరం, చందువా, కొర్రమేను వంటి తక్కువ ముళ్ల చేపలు పెట్టండి. టీవీ ముందు కూర్చోబెట్టి చేప తినిపించకండి.

మన చేపకు ఐసు ఏది?

"మీ డాక్టర్లకు అన్నిటికీ భయమేనండి. మా తాతలు ఇవన్నీ చూశారా?" అని మీలో కొందరు అడగవచ్చు. నిజమే, చూడలేదు. వాళ్లకు అవసరం కూడా రాలేదు. పొద్దున్న రేవులో పడ్డ చేప మధ్యాహ్నానికి కంచంలో ఉండేది. చేదు తిత్తి పారేయాలని ఇంట్లో అందరికీ తెలుసు. ఇప్పుడు చేప వందల కిలోమీటర్లు తిరిగి వస్తోంది. కోయడం బజార్లోనే అయిపోతోంది. చేప పొట్ట లోపల ఏముంటుందో చూడకుండా పెరిగిన పిల్లలకు, ఫోన్లో వచ్చిన చేదు వైద్యం కొత్త విషయంలా కనిపిస్తోంది. ప్రయాణం మారింది కాబట్టి జాగ్రత్తా మారాలి.

అలాగని నేను వేలెత్తి చూపేది చేపలు అమ్మే ఆడవాళ్ల వైపు కాదు. రోడ్డు పక్క గోనె పట్టా మీద, ఎండలో, ఒక్క బకెట్ నీళ్లతో వాళ్లు పొద్దంతా చేపలు కోస్తారు. ఆ నీళ్లు పదో చేపకే నెత్తురవుతాయి. వాటితోనే యాభయ్యో చేపా కడుగుతారు. వాళ్లకు పంపు ఎవరు వేశారు? నీడ ఎవరు వేశారు? చేతులనిండా గాట్లతో నా ఓపీకి వచ్చేదీ వాళ్లే.

మన కోనసీమ చెరువుల్లో పెరిగే వనామీ రొయ్య సంగతి చూడండి. పట్టిన నిమిషాల్లో ఐసులో పడుతుంది. గంటల్లో ప్రాసెసింగ్ యూనిట్‌కు వెళ్తుంది. యాంటీబయాటిక్స్ అవశేషాలున్నాయేమో పరీక్షిస్తారు. ఎందుకంటే అది అమెరికా వెళ్లాలి, అక్కడివాళ్లు అడుగుతారు. మన పిల్లలు తినే చేపకు ఆ ఐసు ఎందుకు లేదు? మనం అడగలేదు కాబట్టి. సిమెంటు గట్టు, పంపు, మురుగు పోయే దారి, రేకుల నీడ, చవకగా ఐసు, చెత్తకు డబ్బా. ప్రతి మండల కేంద్రంలో చేపల బజారుకు ఇవి సమకూర్చడం పంచాయతీలకు, మున్సిపాలిటీలకు మోయలేని భారమేమీ కాదు. ఎన్నికలప్పుడు రోడ్డు అడుగుతాం, కల్యాణ మండపం అడుగుతాం. ఈసారి చేపల బజారుకు పంపు కూడా అడగండి. అప్పటిదాకా బజార్లో కోయించుకున్న చేపనైనా ఇంటికొచ్చాక పంపు నీటితో మళ్లీ కడిగాకే వండండి.

చివరిగా ఒక మాట. ఆ లంక గ్రామం పెద్దాయన నెలకోసారి షుగరు మందులకు వస్తుంటారు. మొన్న వచ్చినప్పుడు నవ్వుతూ చెప్పారు. "ఇప్పుడు చేప నేనే కోత్తున్నానండి. చేదు తీసి మనవడికి చూపించి మరీ పారేత్తున్నాను. ఇదిగో, మీ తాతను చంపబోయింది ఇదేరా అని."

మీ ఇంట్లో కూడా ఈ ఆదివారం ఆ పని చేయండి. చేప కోసేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మొప్ప ఎలా ఉండాలో, జన ఎక్కడుంటుందో, చేదు ఎక్కడుంటుందో చూపించండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి. ఆ పావుగంట వాళ్లకు జీవితాంతం పనికొస్తుంది.

— కోనసీమలో ప్రభుత్వాసుపత్రి వైద్యుడు, ఎంబీబీఎస్, ఎండీ